రేణుకమ్మ చూపించిన సమాధి

మా చిన్నమ్మ రేణుకమ్మ తప్పు చేసిందంటే తొండుపల్లిలో ఎవరూ నమ్మరు. చేసినా ఒప్పుకోదని మాత్రం అందరికీ తెలుసు. ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని ఆమెది. తడి ఆరకముందే ఎవరైనా చెప్పులతో నడిస్తే, వాడు లండన్ పోయేవాడైనా సరే, ఆపి నాలుగు మాటలు అనేది.

ఆమె భర్త చెన్నయ్య 1999లో చనిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు లారీ గుద్ది తొడ విరిగితే పెద్ద దవాఖానలో రాడ్ వేశారు. ఆ రాడ్‌తోనే పాతిపెట్టాం. మాది చిన్న సంఘం. కడబూర మోగిన రోజు క్రీస్తులో చనిపోయినవాళ్లంతా సమాధుల్లోంచి లేస్తారని మా నమ్మకం. చిన్నమ్మ నమ్మకం మా అందరికంటే గట్టిది. ఏటా ఈస్టరు తెల్లవారుజామున సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి, పక్కనే చాప పరుచుకుని కూర్చునేది. బూర ఆ రోజే మోగితే ఆయన లేచి మొదట తన మొహమే చూడాలట.

2009లో రోడ్డు వెడల్పు చేశారు. సమాధుల తోటలో రోడ్డు వైపున్న రెండు సమాధులూ పోతాయని, ఎముకలు వెనక్కి మార్చుకోవాలని చెప్పారు. ఒకటి చెన్నయ్యది, రెండోది శంకరయ్యది. శంకరయ్య మా సంఘంలో పాటలు ఎత్తుకునేవాడు, మంచి గొంతు. మేం వెళ్లేసరికి జేసీబీ అంతా చదును చేసేసింది. సిలువలు ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి.

చిన్నమ్మ ఎడమ పక్క చూపించింది. శంకరయ్య భార్య భారతమ్మ, "గది మాది రేణుకా" అంది.

"పదేండ్లు సున్నమేసినదాన్ని, నాకు తెల్వదా?" అని చిన్నమ్మ సంఘమంతా వినేలా అరిచింది. భారతమ్మ ఊరుకుంది.

పలుగు పట్టింది నేనే. ఎముకలు మాత్రం చిన్నమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు, తానే తెల్లబట్టలో మూట కట్టింది. అందులో రాడ్ లేదు. నాకు ఆ సంగతే గుర్తు రాలేదు. ఆమె చూసింది. అంత అరిచాక ఇప్పుడు కాదంటే పరువేం కాను? మూట తీసుకెళ్లి కొత్త గుంతలో పెట్టించింది. భారతమ్మ కూడా రెండో సమాధి తవ్వించి, తన మూట తాను కట్టుకుని, నాలుగడుగుల అవతల ఇంకో గుంతలో పెట్టించింది.

తర్వాత నాలుగు ఈస్టర్లు చిన్నమ్మ పరాయి మొగుడి సమాధికి సున్నం వేసింది. రోజూ దేవుణ్ణి క్షమాపణ అడిగేది. ఆయన క్షమించాడనీ నమ్మేది. అయినా మనసు కుదుటపడలేదు.

2014 మార్చిలో గర్భసంచి ఆపరేషన్ అన్నారు. అప్పుడు పట్టుకుంది భయం. "మత్తుల్నే పోతే నన్ను శంకరయ్య పక్కన పెడ్తరు బిడ్డా" అని నా దగ్గర ఏడ్చి, సంగతంతా బయటపెట్టింది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే ధైర్యం లేదు.

మా పాస్టరుగారిది గుంటూరు వైపు. అంతా విని, "దేవుడు ఎప్పుడో క్షమించాడమ్మా. భారతమ్మగారికి చెప్పారా?" అన్నారు.

చెప్పలేదు. నా ఆటోలోనే తీసుకెళ్లాను. చిన్నమ్మ గడపలో నిలబడే గబగబా ఒప్పుకుంది. భారతమ్మ చిక్కుడుకాయలు తుంచుతూనే వింది.

"నాకెరుకే. మూట కట్టంగనే రాడ్ చేతికి తగిలింది. కొంగుల దాచిన."

"మరి చెప్పకపోతివేంది?" అని చిన్నమ్మ గయ్యిమంది. వచ్చింది క్షమాపణ అడగడానికని అప్పటికే మరిచిపోయింది.

"ఏం చెప్పాలె? ఇరవై ఏండ్లు కొట్టిండు. ఆదివారం పాట పాడొచ్చి గూడ కొట్టిండు. లేసేటాల్లకు నేను పక్కన ఉండొద్దనుకున్న. నీ నోటికైతే జర భయపడ్తడని నీకిడిచిపెట్టిన."

చిన్నమ్మ చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. భారతమ్మ తలెత్తి అడిగింది.

"రేణుకా, ఆయనను గూడ దేవుడు క్షమించిండా?"

"క్షమించిండు. పోయేముందు పాస్టరయ్య ముందట ఏడ్సి ఒప్పుకున్నడు గద అక్కా."

"నాతోనైతే ఒప్పుకోలే." భారతమ్మ చేతులు ఆగాయి. "మరి లేసినంక కొడ్తడా?"

"కొట్టడు. ఆడ గసుంటివి ఉండయ్."

"గట్టిగ ఎరుకనా?"

అన్నీ గట్టిగా తెలిసిన చిన్నమ్మ ఈసారి వెళ్లి ఆమె పక్కన కింద కూర్చుంది. "నమ్ముతున్న అక్కా. నీకు నమ్మబుద్ధి కాకుంటే, ఎముకలు గట్లనే ఉండనీ."

భారతమ్మ చాలాసేపు ఏడ్చింది. ఎముకలు మార్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆపరేషన్ రోజు స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తుంటే చిన్నమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"నాకేమన్నయితే నన్ను శంకరయ్య పక్కనే పెట్టుండ్రి. ఆయన లేసేటాల్లకు ఎవరన్న ఉండాలె. మీ చిన్నాయిన నాలుగడుగులేసి నా దగ్గరికి వస్తడు తియ్యి."