గుంటూరు టైము

అక్క పోయిందని మొన్న పొద్దున్న బావగారు ఫోన్ చేశారు. అప్పుడు నేను స్టేషన్‌లో ఉన్నాను. ఆఫీసు రైలు వచ్చింది, వెళ్లిపోయింది. ఎక్కలేకపోయాను.

తోడబుట్టిన అక్క కాదు. వెల్లింగ్టన్‌లో నా తొలి ఉద్యోగంలో సీనియర్. మేడమ్ అని పిలిస్తే, ఇక్కడ బాసుని కూడా పేరు పెట్టే పిలుస్తారు, నోరు రాకపోతే అక్కా అనమంది. తన డబ్బాలో గోంగూర పచ్చడి సగం నాకు పెట్టి, వాసన పోవడానికి కిటికీ తెరిచేది. ఆ గాలికి మా కాగితాలన్నీ ఎగిరిపోయేవి.

భోజనాలవగానే ఫోన్ కార్డు పట్టుకుని కిందికి దిగేది. భర్తా కూతురూ అప్పటికింకా గుంటూరులో వీసాల కోసం కాచుకుని ఉన్నారు. అక్కడ అప్పుడే పొద్దున్న ఏడు, పిల్ల బడికి వెళ్లేలోపు మాట్లాడాలి.

ఆ ఏడు ఒక కంపెనీ సర్వర్‌లోకి మా ప్రోగ్రాం లాగిన్ అయ్యి వివరాలు తెచ్చే పని నాకు పడింది. పంపే ప్రతి రిక్వెస్ట్ మీదా రహస్యమైన కీతో, అంటే వాళ్లిచ్చిన కోడ్‌తో, సంతకం పెట్టాలి. లేకపోతే గుమ్మంలోనే ఆపేస్తుంది. నేను పంపినవన్నీ ఆపేసింది. పాస్‌వర్డు సరైనదే, కీ సరైనదే, సంతకం పద్ధతీ వాళ్లు చెప్పినట్టే ఉంది. శుక్రవారానికి పని చేయకపోతే నన్ను తీసేస్తానని మేనేజర్ మర్యాదగానే చెప్పాడు. ఉద్యోగంతో పాటే వర్క్ పర్మిటూ పోతుంది. ఇంట్లో మా ఆవిడ నిండు నెలల మనిషి. విమానం ఎక్కనివ్వరు, ఇక్కడ ఉండనివ్వరు. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను.

గురువారం అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. "కాదన్నవాణ్ణి తిట్టబాకు, ఎందుక్కాదన్నాడో అడుగు" అనేది ఎప్పుడూ. ఆ సర్వర్ కంపెనీ ఇంజినీరుకి ఫోన్ చేసి అదే అడిగింది. సంతకంలో పంపిన వేళ కూడా కలుస్తుందని, తమ గడియారంతో బాగా తేడా ఉంటే తిరగ్గొడతామని అతను చెప్పాడు. అక్క నా కంప్యూటర్ మూలనున్న టైము చూసింది. ముఖం పాలిపోయింది.

అంతకుముందు అది తన కంప్యూటరే. పిల్లకి ఫోన్ చేసే వేళ తెలియాలని గుంటూరు టైముకి తిప్పి పెట్టుకుంది, నాకిచ్చేటప్పుడు మరిచిపోయింది. నేనూ ఆ టైము చూసే మా అమ్మకి ఫోన్ చేసేవాణ్ణి. అందులో నాకు తప్పే కనపడలేదు. ఇక్కడ పుట్టిన కివీ ఎవడైనా అయితే తొలిరోజే పట్టేసేవాడు.

టైము దిద్దగానే సర్వర్ మమ్మల్ని లోపలికి రానిచ్చింది. ఇక ఊరుకుందాం అక్కా, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. తన కాంట్రాక్టూ ఆ నెలాఖరుకే పొడిగించాలి, బావగారి వీసా, పిల్ల వీసా దాని మీదే ఉన్నాయి.

"నీ మీద మాట ఉంచి నేనెట్టా అన్నం తింటా తమ్ముడూ?" అని లేచింది.

మేనేజర్ గదిలోకి వెళ్లి తప్పు తనదని చెప్పేసింది. ఆయన నన్ను ఉంచాడు, తనని పొడిగించలేదు. మరో ఉద్యోగం దొరికేదాకా ఆవిడ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. బావగారూ పిల్లా రావడం ఏడాది వెనక్కి పోయింది. ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. మళ్లీ కంప్యూటర్‌లో మాత్రం టైము తిప్పకుండా, గుంటూరు టైముని చేతిగడియారంలో పెట్టుకుంది. వాళ్లు వచ్చేశాక కూడా మార్చలేదు. ఆ రుణం నేనిప్పుడు ఎవరికి తీర్చను?

దహనం అయిన మర్నాడు మధ్యాహ్నం వెల్లింగ్టన్ పక్కనే లోవర్ హట్‌లో వాళ్లింటికి వెళ్లాను. పిల్ల చేతికి ఆ గడియారం ఉంది. టైము సరిచేసి ఇవ్వనా అమ్మా అని అడిగితే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దు మామయ్యా. ఇంకాసేపట్లో ఏడు అవుద్ది. అమ్మ ఫోన్ చేసే టైము."

ముల్లు ఏడు దాటేదాకా ఇద్దరం దాని వంకే చూస్తూ కూర్చున్నాం.