ఆముదం రాసి తీసిన గాజులు

నేను చోడవరం తాలూకా కచేరీ అరుగు మీద కూచుని అర్జీలు రాసుకు బతికినవాణ్ణి. నా పేరు అనంతరామయ్య. ఎంతమంది కష్టాలని నాలుగు ముక్కల్లోకి కుదించి కింద వేలిముద్ర వేయించానో నాకే తెలీదు. వాటిలో ఒక్క అర్జీ రాయకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ కుమిలిపోతుంటాను. అది సన్యాసమ్మ అర్జీ.

సన్యాసమ్మది బుచ్చయ్యపేట పక్కన చిన్న పల్లె. పెళ్ళయిన రెండో ఏడే ఆమె మొగుడు, పరదేశి అనేవాడు, పటాలంలో చేరి సముద్రం దాటిపోయాడు. నలభై రెండు మొదట్లో సింగపూర్ నించి ఒక ఉత్తరం వచ్చింది. తరవాత మనిషి కనబడడం లేదని ఒక కాగితం వచ్చింది. ఆ పైన ఏమీ రాలేదు. చచ్చాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. వాళ్ళ కులంలో మారుమనువు ఉంది, అడిగినవాళ్ళూ ఉన్నారు. ఆమె ఒప్పుకోలేదు. చెరుకు నరుకుతూ, బెల్లం వండేచోట పిప్పి ఎండబెడుతూ అత్త నరసమ్మను పోషించుకుంటూ వచ్చింది.

నరసమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. కోడలు లేచి వాకిలి ఊడుస్తుంటే గాజుల చప్పుడు వినేది. "ఆ గాజులు మోగితే సాలు, నా కొడుకు ఊపిరి ఇన్నట్టే ఉంటాది" అనేది ముసల్ది. కూడు లేకపోయినా ఓర్చుకునేది గాని, ఒకపూట ఆ చప్పుడు వినబడకపోతే కంగారుపడిపోయేది.

యాభై మూడులో విశాఖపట్నం పెద్దమనుషులు కొందరు ఒక సహాయ నిధి పెట్టారు. యుద్ధంలో దెబ్బతిన్న జవాన్లకి బతుకుతెరువు, చనిపోయినవాళ్ళ తల్లిదండ్రులకి వైద్యం, పిల్లలకి చదువు. మంచి పనే, నేను వేళాకోళం చెయ్యను. చిక్కల్లా ఒక్కటే. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళకైతే ఇస్తారు. కనబడనివాళ్ళ మాట వాళ్ళ కాగితంలో లేదు.

కాగితంలో లేనిదాన్ని ఉన్నట్టు చెయ్యడమే గదా నా విద్య! ఇంగ్లీషులో "మృతుడు పరదేశి తల్లి నరసమ్మకు కళ్ళ ఆపరేషను నిమిత్తం" అని రాసిపారేశాను. ఏం రాశానో చెప్పకుండానే అత్తా కోడళ్ళ చేత వేలిముద్రలు వేయించాను.

నిధి కార్యదర్శి వేంకటరమణమూర్తిగారు విచారణకి చోడవరం వచ్చారు. రిటైరైన ప్లీడరు, నెమ్మదస్తుడు. నరసమ్మ కోడలి భుజం పట్టుకుని వచ్చి, చేతులు జోడించి గట్టిగా చెప్పింది.

"బాబూ, నా కొడుకొచ్చినప్పుడు ఆడి మొగం సూసుకోవాల. ఈ కళ్ళు బాగుసేయించండి, మీకు పున్నెముంటాది."

ఆయన సన్యాసమ్మ వంక చూశారు. నుదుట రూపాయంత బొట్టు, చేతినిండా గాజులు. "భర్త పోయాడని రాశారే" అని నన్ను అడిగి, కాగితం మడిచి పక్కన పెట్టేశారు.

ముసలమ్మని చెట్టు నీడన కూచోబెట్టి, సన్యాసమ్మని పక్కకి పిలిచాను. "ఒక్క పూట బొట్టు చెరిపి, గాజులు తీసి ఆయనకి కనబడు. మీ అత్తకి ఎలాగూ కనబడదు. పని జరిగిపోతుంది" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "బాబూ, మీ ఇంట్లో ఆడోళ్ళకీ ఇలాగే సెప్తారేటి?" అనేసి వెళ్ళిపోయింది. ఆ మాటకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అప్పటికైనా నాకు బుద్ధి రావలసింది.

ఏడాది తిరిగేసరికి ఆమే వెతుక్కుంటూ వచ్చింది. ముసలమ్మ గిన్నె అనుకుని మండుతున్న పొయ్యిలో చెయ్యి పెట్టేసిందట. అరచెయ్యి బొబ్బలెక్కిందని చెప్తూ సన్యాసమ్మ ఏడ్చింది. నుదుట బొట్టు లేదు. మణికట్లు చర్మం గీరుకుపోయి ఎర్రగా ఉన్నాయి. కొంగు ముడి విప్పి చూపించింది. డజను గాజులు, ఒక్కటీ చిట్లలేదు.

"పగలగొట్టలేదు బాబూ. ఆవదం రాసుకుని ఒకటొకటే తీసేను. పగిలితే ఆడికి కీడు. పుస్తెలు మాత్రం తియ్యను, రవికలోకి తోసేసేను. సాల్దా?"

సరిపోయింది. వేంకటరమణమూర్తిగారు ఆమెని చూసి, ఈలోగా చావుకబురు వచ్చిందనుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మంజూరైంది.

ఆపరేషను విశాఖపట్నం పెద్దాసుపత్రిలో బాగానే జరిగింది. నరసమ్మ రెండు కళ్ళకీ కట్టు కట్టి, తల కదపకుండా పడుకోబెట్టారు. సన్యాసమ్మ మంచం పక్కనే గాజులు వేసుకుని కూచునేది. నిధివాళ్ళు వస్తున్నారంటే బయటికి పోయి, చేతికి ఆముదం రాసుకుని తీసేది. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ తొడుక్కునేది. సాక్షిగా వెళ్ళిన నేను ఈ తంతంతా చూస్తూ, లోలోపల నా తెలివికి నేనే మురిసిపోయాను కూడాను. అంత మొద్దుని నేను.

కట్టు విప్పి కళ్ళజోడు పెట్టే రోజు రానే వచ్చింది. జోడు నిధివాళ్ళదే. వేంకటరమణమూర్తిగారు స్వయంగా తన చేత్తో పెడతానని వచ్చారు. ఆయన ఎదట సన్యాసమ్మ బోసిగా నిలబడక తప్పలేదు. ముసలమ్మకి ఆరోజే చూపొస్తుందన్న సంగతి నాకు తెలీదా? తెలుసు. దాని అర్థమేమిటో మాత్రం ఆ క్షణం దాకా తట్టలేదు.

"ముందు నా కోడల్ని సూస్తాను. ఏదీ, ఎదరికి రాయే" అంది నరసమ్మ నవ్వుతూ.

సన్యాసమ్మ కదల్లేదు. ముసలమ్మే ఆ దళసరి అద్దాల్లోంచి వెతుక్కుంది. ముందు మొహం చూసింది, తరవాత నుదురు, తరవాత చేతులు. నవ్వు అలాగే ఆగిపోయింది.

"ఎప్పుడొచ్చిందే కబురు?"

కోడలు నోరు తెరిచే లోపు వేంకటరమణమూర్తిగారు ముసలమ్మ చెయ్యి పట్టుకుని, మనస్ఫూర్తిగా, ఎంతో జాలిగా అన్నారు. "బాధపడకమ్మా. నీ కొడుకు దేశాలు దాటి వెళ్ళి వీరుడిలా ప్రాణమిచ్చాడు."

ఆయన వెళ్ళాక సన్యాసమ్మ ముసలమ్మ కాళ్ళ మీద పడింది. "అబద్దం అత్తా, అంతా అబద్దమే! నీ కళ్ళ కోసమే సేసేను. ఇయిగో పుస్తెలు, ఇయిగో గాజులు" అంటూ గాజులు తొడుక్కుంది. నరసమ్మ వాటి వంకైనా చూడలేదు.

"ఊరుకోయే. గుడ్డిదాన్నని గాజులు మోగించి ఇన్నేళ్ళూ దాచేవు. ఇప్పుడు నా కళ్ళతో నేను సూసేను గదా."

ఇంటికి వెళ్ళింది మొదలు ముసల్ది మంచినీళ్ళు ముట్టలేదు. కొడుకు నీళ్ళు వదిలేవాళ్ళు లేక తిరుగుతున్నాడని, ఆ కర్మ జరిగేదాకా తన గొంతులోనూ చుక్క దిగదని పట్టుపట్టింది. కనబడకుండా పోయి పన్నెండేళ్ళు నిండాయి కాబట్టి శాస్త్రమూ ఒప్పుకుంటుందని ఊళ్ళో పెద్దలు వంత పాడారు. సన్యాసమ్మ కబురంపితే పరుగెత్తుకు వెళ్ళాను. ఆ అర్జీలో రాసింది అబద్ధమని, నా సొంత కల్పన అని, నరసమ్మ ఎదట నేల మీద కూచుని ప్రమాణం చేశాను.

ఆమె కళ్ళజోడు సర్దుకుని నన్ను పరకాయించి చూసింది. "కాయితం మీద రాసేవు గదా బాబూ. ఏలిముద్ర కూడా ఏసేం. సదువుకున్నోళ్ళు, కాయితం మీద అబద్దాలు రాస్తారేటి?"

జన్మంతా నేను రాసిందేమిటి మరి!

తరవాత ఏం జరిగిందో చూడ్డానికి నేను ఉండలేదు. పారిపోయి వచ్చాను. మూడు వారాలకి సన్యాసమ్మ కచేరీ అరుగు దగ్గరికి వచ్చింది. కొంగులోంచి ఆ కళ్ళజోడు తీసి నా ముందు పెట్టింది.

"అత్త దీన్ని పెట్టుకోడం మానేసింది బాబూ. కొడుకే లేనప్పుడు సూడ్డానికేటుంది అంటాది. గోడేపు తిరిగి పడుకుంటాది. ఇంకెవరికైనా ముసలోళ్ళకి ఇచ్చీమని ఆ బాబుగారికి సెప్పండి."

జోడు అందుకుంటూ ఆమె చేతులు చూశాను. రెండు మణికట్ల మీదా గాజు గుచ్చుకున్న గాట్లు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నేను చూడడం ఆమె చూసింది. చేతులు కొంగులో దాచుకుంది.

"ఈసారి ఆవదం అక్కర్లేకపోయింది బాబూ" అంది.