ఎల్‌బీ నగర్ రోడ్డు మీద కంపానియన్

హైదరాబాద్ చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెప్పే పట్టాభి మాస్టారిది తెనాలి. కొత్త బ్యాచ్ వచ్చిందంటే ఆయన మొదట చెప్పే మాట ‘కంపానియన్’. "లాటిన్‌లో ‘కమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. మనతో కలిసి రొట్టె తినేవాడే కంపానియన్!" అని బల్ల గుద్ది మరీ చెప్పేవారు. చెప్పడమే గాని, అల్మాస్‌గూడలో తాము అద్దెకున్న ఇంటి యజమాని నర్సింహతో ఏనాడూ కలిసి తిన్న పాపాన పోలేదు.

ఇంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. మాస్టారు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నారు. నోరు విప్పితే కోస్తా యాస పట్టిస్తుందని కూరగాయల బండి దగ్గర కూడా ఇంగ్లీషే! "హౌ మచ్ టమోటా?" అంటుంటే భార్య కోటేశ్వరమ్మ తల పట్టుకునేది. ఈ ఊళ్లో ఇక మనకు చోటు లేదని, ఇద్దరూ సంచులు సర్దుకున్నారు. నర్సింహకు చెప్పడానికి మాస్టారికి మొహం చెల్లలేదు.

ఎల్‌బీ నగర్ చేరేసరికి విజయవాడ బస్సు ఒక్కటీ లేదు. రోడ్డు ఆపేసి ఉద్యమకారులు వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీదే పొయ్యిలు, అన్నం గుండిగలు, బారుగా విస్తళ్లు. గరిటె పట్టుకుని వడ్డిస్తున్నది ఎవరనుకున్నారు? నర్సింహే.

"ఏంది సార్, సంచులతోని యాడికి?"

"జస్ట్... గోయింగ్," అన్నారు మాస్టారు.

"గా ఇంగ్లీషు బడిల చెప్పుండ్రి. మాకు చెప్పకుంటనే పోతున్నరా?"

మాస్టారు తలొంచుకున్నారు. "భయమేసిందండీ," అన్నారు, అచ్చ తెనాలి యాసలో. చుట్టుపక్కల వాళ్లంతా ఇటు తిరిగారు.

"మేం కొట్లాడేది రాష్ట్రం కోసం సార్. మిమ్ముల పొమ్మని నేనెన్నడన్న అన్ననా? జర కూసోండ్రి. అమ్మా, నువ్వు గూడ. బువ్వ తిన్నంక మాట్లాడుదం."

గరిటె ఇంకొకరికిచ్చి నర్సింహ తనూ పక్కనే కూర్చున్నాడు. వేడన్నం, పప్పుచారు. మొదటి ముద్దకే మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందేమోనని ఎవరో మంచినీళ్లు అందించారు. ఆయన తాగారు గాని, కన్నీళ్లు మాత్రం ఆగలేదు. భోజనాలయ్యాక సంచులు మోసుకుని నర్సింహే ముందు నడిచాడు, అల్మాస్‌గూడ వైపు.

తర్వాతి బ్యాచ్‌కీ అదే పాఠం. కమ్, పానిస్ అయ్యాక ఒక కుర్రాడు ఉదాహరణ అడిగాడు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మా నర్సింహ," అన్నారు. "ఆయన పెట్టిన ముద్ద తిన్నాను గనకే ఇవాళ మీ ముందున్నాను."