జవాబివ్వని వాళ్ళతో కబుర్లు

సిస్టరమ్మ ఆఖరిసారి చేసిన పని, రెండు యూనిఫారాలు ఉతికి బాల్కనీ తీగమీద ఆరేయడం. గాలికి ఎగిరిపోకుండా క్లిప్పులు పెట్టి, చేతులు తుడుచుకుని, కాస్త నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు. ఫోనెత్తడం లేదని పరుగున వచ్చిన చెల్లెలు, అంతా సర్దుమణిగాక, ఆ బట్టలు తీసి మడతపెట్టింది. అప్పటికవి పెళపెళలాడుతూ ఆరిపోయి ఉన్నాయి.

ఉద్యోగంలో చేరినప్పటినుంచీ సిస్టరమ్మది ఐసీయూ. అక్కడ చాలామందికి గొంతులో గొట్టం, ఒంటినిండా మత్తు. వాళ్ళకు వినపడుతుందో లేదో తెలియదు కాబట్టి, వినపడుతున్నట్టే మాట్లాడాలన్నది అక్కడి పద్ధతి. మిగతావాళ్ళు ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టేవారు. సిస్టరమ్మ మాత్రం గలగలా వాగేది.

"పక్కకి తిప్పుతున్నా తాతగారూ, విసుక్కోకండి. మా వంటింటి కుళాయి రాత్రంతా కారుతూనే ఉంది. మీరు లేస్తే ఆ ప్లంబర్ని నాలుగు చీవాట్లు పెడుదురుగాని."

భర్త పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. ఉన్న ఒక్క చెల్లెలు రోజూ ఫోన్ చేసేది.

"తిన్నావా అక్కా?"

"ఆఁ."

"ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా."

అంతే, సిస్టరమ్మ ఫోన్ పెట్టేసేది. జవాబిచ్చేవాళ్ళ దగ్గర ఆమెకు మాట పెగిలేది కాదు.

మనుషుల్ని ఎత్తీ తిప్పీ నడుం మొరాయించడంతో బాలింతల వార్డుకు మార్చారు. అక్కడ మంచం దగ్గరికి వెళ్ళగానే అలవాటుగా తల పైకెత్తి మానిటర్ కోసం చూసేది. ఉత్త గోడే కనిపించేది. ఇక ఎవరైనా కదలకుండా పడుకుంటే చాలు, భుజం పట్టి కుదిపేది.

"ఏమ్మా, వినపడుతోందా? కళ్ళు తెరువు!"

"వినపడుతోంది సిస్టర్. వీడు ఇప్పుడే పడుకున్నాడు, నాకిప్పుడే కన్నంటుకుంది. మీకు దణ్ణం పెడతా, వదిలేయండి."

"మీకు పిల్లలెంతమంది సిస్టర్?" అని ఎవరైనా అడిగితే జ్వరం చూసేసి పక్క మంచానికి వెళ్ళిపోయేది.

హెడ్ నర్సు పిలిచి కూర్చోబెట్టింది. "నిన్ను చూస్తే బాలింతలు ముసుగు తన్నేస్తున్నారు. 'అలారం' అని పేరు కూడా పెట్టారు, తెలుసా? నిద్రపోయేవాళ్ళని నిద్రపోనీ, మెలకువగా ఉన్నవాళ్ళతో మాట్లాడు తల్లీ. నెలాఖరుదాకా చూస్తా. కుదరకపోతే మళ్ళీ ఐసీయూకే."

ఐసీయూకు నడుం ఒప్పుకోదు. మానేస్తే మిగిలేది ఆ ఇల్లు.

ఆ రోజుల్లోనే కిటికీ పక్క మంచంలోకి ఓ చిన్నది వచ్చింది. తొలి కాన్పు. ఎప్పుడూ గోడవైపే తిరిగి ఉండేది. బిడ్డనందిస్తే పాలిచ్చి, వస్తువు తిరిగి ఇచ్చేసినట్టు ఇచ్చేసేది. "పొగరు, పలకదు," అని అత్తగారు మూతి తిప్పుకునేది.

పలకని మనిషి దొరికేసరికి సిస్టరమ్మ నాలుక దానంతటదే విచ్చుకుంది. స్టూలు లాక్కుని బిడ్డ పని చూస్తూ మొదలుపెట్టింది. "ఇదుగో, బొడ్డు తుడుస్తున్నా. అబ్బో, ఎంత కోపం! మా కుళాయి ఇంకా కారుతూనే ఉందమ్మా, ప్లంబరేమో రేపంటాడు."

"అలారం గారు గోడతో కబుర్లాడుతున్నారే!" ఎదుటి మంచం నవ్వింది.

సిస్టరమ్మ ఆపలేదు. రోజూ అదే స్టూలు, అవే కబుర్లు. ఓ మధ్యాహ్నం గోడవైపు నుంచి సన్నగా మాట వచ్చింది.

"ప్లంబర్ వచ్చాడా?"

తడిగుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది. సిస్టరమ్మ ఉన్నమాటే చెప్పింది. "రాలేదమ్మా."

ఆ అమ్మాయి ఇటు తిరిగింది. "వీణ్ణి చూస్తే నాకేమీ అనిపించట్లేదు సిస్టర్. ఎవరికీ చెప్పకండి."

"డాక్టరమ్మకి చెప్పాలి తల్లీ. మీ అత్తగారికి చెప్పన్లే. జరుగు, నేనూ కూర్చుంటా."

డాక్టరు వచ్చింది, మందులిచ్చింది. ఆ పిల్ల తేరుకోవడానికి చాలాకాలం పట్టింది. చెకప్‌కి వచ్చినప్పుడల్లా ముందు సిస్టరమ్మనే వెతుక్కునేది. సిస్టరమ్మను మళ్ళీ ఎవరూ ఐసీయూకు పొమ్మనలేదు.

సిస్టరమ్మ పోయాక, చెల్లెలు ఆ ఇల్లు ఖాళీ చేస్తుండగా ఆ అమ్మాయే పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. చెల్లెల్ని ఎగాదిగా చూసింది.

"మీరేనా చెల్లెలుగారు? నవ్వితే ఎక్కిళ్ళొస్తాయట కదా మీకు?"

చెల్లెలు తెల్లబోయింది. "మా అక్క చెప్పిందా? నాతో పట్టుమని పది మాటలు మాట్లాడేది కాదు. తనకి ఒంటరిగా ఉండటమే ఇష్టం."

"ఇష్టమా?" అంది ఆ అమ్మాయి, పిల్లాణ్ణి ఆ చంకనుంచి ఈ చంకకు మార్చుకుంటూ. "నేను గోడవైపు తిరిగి ఉన్నన్నాళ్ళూ రోజూ అదే మాట. 'మా చెల్లి ఇంట్లో ముందుగది ఖాళీగానే ఉంది. వచ్చేయవే అక్కా అని ఒక్కసారి అంటే చాలు, ఆ పూటే పెట్టె సర్దేస్తా' అనేది."