నేను చెరిపేసిన టార్పాలిన్

అప్పట్లో నేను మెదక్‌లో ఒక పత్రికకు ఫొటోలు తీసేవాణ్ణి. అకాల వర్షానికి టేక్మాల్ కొనుగోలు కేంద్రంలో వడ్లు తడిశాయి. ఒక రైతు కుప్ప మీద టార్పాలిన్ కప్పినా కింది నుంచి నీళ్లు చేరాయి. నానిన గింజలు దోసిట్లో పట్టుకుని ఏడుస్తున్న అతన్ని ఫొటో తీశాను. వెనకున్న నీలం టార్పాలిన్ చూపును లాగేస్తోందనిపించి, కంప్యూటర్‌లో దాన్ని చెరిపేసి అక్కడ వడ్లు నింపాను. ఫొటో మొదటి పేజీలో వచ్చింది.

మూడో రోజు ఆ రైతు పేపరు పట్టుకుని వచ్చాడు.

"సారూ, నేను వడ్లు కప్పలేదంట, తప్పు నాదేనంట. మీ ఫొటో చూపిచ్చి కొనేది లేదంటున్రు. కప్పింది మీరు చూసిన్రు గదా? జర వచ్చి చెప్పుండ్రి."

అతనితో పరుగున వెళ్లాను. కొనుగోలు కేంద్రం అధికారికి అసలు ఫొటో చూపించి, మార్చింది నేనేనని చేతులు జోడించాను.

"చెరిపెటోనికి పెట్టుడు రాదా? నేను దేన్ని నమ్మాలె?" అన్నాడాయన.

ఆ రోజే తప్పు ఒప్పుకుంటూ పత్రికకు రాసిచ్చాను. వాళ్లు అది అచ్చు వేయలేదు, నన్ను మాన్పించారు. వారానికి వడ్లు మొలకెత్తాయి.

రైతు నన్ను తిట్టలేదు. ఫోన్ చేసి, "ఆ అసలు ఫొటో పంపుండ్రి సారూ, మా ఇంటామె గూడ నన్ను నమ్ముతలేదు" అన్నాడు.