బుల్లయ్య కుడి చంకలో తువ్వాలు

బుల్లయ్య పొద్దున్నే మొహం కడుక్కోగానే చేసే మొదటి పని, ఎడమ భుజం మీది తువ్వాలు తీసి కుడి చంకలో పెట్టుకోవడం. తూర్పుకి తిరిగి సూర్యభగవానుడికి ఒక దణ్ణం. పక్కకి తిరిగి పాకలో ఉన్న గేదెకి ఒక దణ్ణం. ఆ తర్వాత రోడ్డు పక్కకి వెళ్ళి నిలబడి, గుంటూరు పోయే మొదటి బస్సు అద్దం వెనక దండ వేసి ఉండే వెంకటేశ్వరస్వామి పటానికి ఒక దణ్ణం. డ్రైవరు మొహిద్దీన్ బాషా మంచివాడు. ఈయన దణ్ణం పూర్తయ్యేదాకా బస్సును నిదానంగా పోనిచ్చేవాడు. ఒకసారి బుల్లయ్య జ్వరంతో రోడ్డెక్కకపోతే, బాషా బస్సు ఆపి, కండక్టరుని ఇంటిదాకా పంపి కనుక్కుని రమ్మన్నాడు.

పెద్దల ముందు భుజాన గుడ్డ ఉంచుకోకూడదని వాళ్ళ నాన్న చిన్నప్పుడు చెప్పిన మాట. యాభై ఏళ్ళుగా బుల్లయ్య దాన్ని తప్పలేదు. పూజారి గారు, పంతులమ్మ, ఆసుపత్రిలో సూది వేసే నర్సు, ఎవరు ఎదురైనా తువ్వాలు చంకలోకి వెళ్ళిపోయేది. వెళ్ళాక మోచెయ్యి పక్కటెముకకి అతుక్కుపోయేది. ఆ చేత్తోనే కాఫీ గ్లాసు అందుకునేవాడు, ఆ చేత్తోనే సంతకం పెట్టేవాడు. తువ్వాలు మాత్రం జారేది కాదు. "మా ఆయనకి కుడిచెయ్యి మోచేతి కాణ్ణుంచే మొదలవుద్ది" అనేది ఆయన భార్య అంకమ్మ.

ఆ ఊరికి సీతారామాంజనేయులు గారు తిరిగి వచ్చారు. సాగర్ కాలువల మీద ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. కాలువ పక్కన తనకున్న రెండెకరాల్లో గడ్డి పెంచి, గోల్ఫ్ ఆడటం మొదలుపెట్టారు. బంతులు ఏరి తేవడానికి బుల్లయ్యని పెట్టుకున్నారు. ఆ చేనుకి ఒకవైపు పత్తి, ఇంకోవైపు మిరపకాయలు ఆరబోసిన కల్లం, ఎదురుగా కాలువ. బంతి కాలువ వైపు పోవాలి. అది తప్ప అన్ని వైపులా పోయేది.

కల్లంలో పడిన బంతి ఎర్రటి కాయల మధ్య ఇట్టే కనిపించేది. పత్తిలో పడిందా, ఇక అంతే. తెల్లటి పత్తిలో తెల్లటి బంతి. పత్తి తీసేటప్పుడు అంకమ్మ ఒడిలోకి పత్తితోబాటు రోజూ మూడో నాలుగో వచ్చేవి. పత్తి కాటాకి పోకముందే వాటిని ఏరి, కడిగి, కొంగుతో తుడిచి, ఇంజనీరు గారి అరుగు మీద వరసగా పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయేది.

బుల్లయ్య ఆ ఆటని ఆటనుకోలేదు. పెద్దమనిషి ఒంటరిగా నిలబడి, తల వంచి, బంతి వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ, ఎంతసేపటికీ తల ఎత్తకపోతే ఏమనుకుంటాడు? పూజ అనుకున్నాడు. ఏ దేవుడికో అడగటం మర్యాద కాదని ఊరుకున్నాడు. ఇంజనీరు గారు బంతి ముందు తల వంచగానే ఈయన చెప్పులు విడిచి, తువ్వాలు చంకలో పెట్టి నిలబడేవాడు. శుక్రవారం శుక్రవారం బంతులన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టేవాడు. ఇంజనీరు గారు చూసి, పత్తిలో వెతకడానికి గుర్తు పెట్టాడనుకుని తెగ మెచ్చుకున్నారు.

ఇంజనీరు గారికి వచ్చిన చిక్కంతా కుడిచేతితోనే. ఫోన్లో పాఠం చెప్పే ఆయన రోజూ ఒకటే చెప్పేవాడు. కర్ర పైకెత్తినప్పుడు కుడి మోచెయ్యి మడిచి, ఒంటికి దగ్గరగా ఉంచాలి. కర్ర దిగేటప్పుడు అది పక్కటెముకని రాసుకుంటూ దిగాలి. బంతికి తగిలాకే చాపాలి. ఎడమచెయ్యి దారి పట్టుకుని పోతుంది, కుడిచెయ్యి తొందరపడి ముందుకు దూకకూడదు. ఈయన కుడి మోచెయ్యేమో కర్ర ఎత్తగానే గాల్లోకి లేచేది. గట్టు మీద కూర్చుని చూసే భార్య సుబ్బరావమ్మ గారు, కోడి గోడెక్కబోతున్నట్టుందనేవారు. "కళ్ళాపి చల్లినట్టు చల్లండి. బకెట్టు ఒంటికి దగ్గరగా పెట్టుకోకపోతే నీళ్ళు మన కాళ్ళ మీదే పడతాయి" అని ఆవిడ సలహా. ఆయన చీర అంచుతో చెయ్యి కట్టుకుని చూశారు. చంకలో కొబ్బరికాయ పెట్టుకుని చూశారు. అది కాలి మీద పడి రెండు రోజులు కుంటుతూ నడిచారు.

ఇంతలో వియ్యంకుడు శ్రీకృష్ణ గారు విశాఖపట్నం నుంచి ఆదివారం వస్తున్నారని కబురొచ్చింది. మనవడి అన్నప్రాసన రోజు భోజనాల దగ్గర ఇంజనీరు గారు మాట తూలారు. ఒక్క దెబ్బకి బంతిని కాలువ దాటిస్తానన్నారు. శ్రీకృష్ణ గారు ఏళ్ళ తరబడి ఆడుతున్న మనిషి. పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "వచ్చి చూస్తాను బావగారూ" అన్నారు. ఆ మాట విన్న చుట్టాలు నలభై మంది. దాటకపోతే ఇక ప్రతి పెళ్ళిలోనూ పప్పు వడ్డించగానే అదే కథ. దాటకపోతే గడ్డి అంతా దున్నించి మిరప వేసేస్తానని ఇంజనీరు గారు తేల్చేశారు.

బుల్లయ్య దిగులు తన పని పోతుందని కాదు. ఇంజనీరు గారు తెచ్చుకున్న నాలుగు ఇడ్లీల్లో రోజూ రెండు బుల్లయ్యకి పెట్టి, చట్నీ కూడా సమానంగా పంచేవారు. ఆ మనిషి రెండు రోజులుగా ఇడ్లీ ముట్టలేదు. నాలుగూ బుల్లయ్య చేతిలోనే పెడుతున్నారు.

శుక్రవారం పొద్దున ఇంజనీరు గారు విసిగిపోయి గట్టు మీద కూలబడ్డారు. నా వల్ల కాదు, నువ్వు కొట్టు చూద్దామని కర్ర చేతికిచ్చారు. బుల్లయ్య చెప్పులు విడిచాడు. తువ్వాలు కుడి చంకలో పెట్టుకున్నాడు. బంతి ముందు తల వంచి, ఏ దేవుడివైనా సరే అయ్యగారిని కాపాడమని మొక్కుకుని, కర్ర ఊపాడు. బంతి కుంకుమ బొట్టుతో సహా లేచి, కాలువ దాటి అవతలి గట్టు మీద పడింది.

ఇంజనీరు గారు లేచి నిలబడ్డారు. మళ్ళీ కొట్టమన్నారు. మళ్ళీ దాటింది. మూడోదీ దాటింది. అప్పుడాయన బుల్లయ్య చుట్టూ రెండుసార్లు తిరిగి, చంకలోంచి తువ్వాలు మెల్లగా లాగేసి, ఇప్పుడు కొట్టమన్నారు. ఈసారి బంతి వెనక్కి పోయి నీళ్ళ డ్రమ్ముని ఠంగుమనిపించింది. తువ్వాలు పెట్టించారు, కాలువ దాటింది.

ఇక ఆ రోజంతా ఇంజనీరు గారు తువ్వాలు పెట్టుకోవడమే పని. కర్ర ఎత్తగానే అది కింద పడేది. ఇరవైసార్లు పడింది. సుబ్బరావమ్మ గారు నవ్వి, "ముప్పై ఏళ్ళు అందరూ ఈయన ముందు పెట్టుకున్నారు గానీ, ఈయన ఎవరి ముందు పెట్టుకున్నారు బుల్లయ్యా, అలవాటవడానికి" అన్నారు.

ఎదురుగా ఎవరైనా పెద్దమనిషి ఉన్నట్టు తలుచుకోండయ్యా అని బుల్లయ్య చెప్పి చూశాడు. పాత చీఫ్ ఇంజనీరుని తలుచుకుంటే కోపమొచ్చి తువ్వాలు ఎగిరి దూరంగా పడింది. పోనీ నన్ను తలుచుకోండని సుబ్బరావమ్మ గారన్నారు. అప్పుడు తువ్వాలుతోబాటు కర్ర కూడా కింద పడింది.

ఆదివారం శ్రీకృష్ణ గారు తెల్ల బూట్లు, తెల్ల టోపీతో దిగారు. మూడు బంతులు, అందులో ఒక్కటి దాటినా చాలని ఒప్పందం. మొదటిది పత్తిలో పడింది. "పంట బాగున్నట్టుంది బావగారూ" అన్నారు శ్రీకృష్ణ గారు. రెండోది కల్లంలో మిరపకాయల కుప్పకి తగిలి ఘాటు లేచింది. అందరూ తుమ్మారు. వియ్యంకుడు గారు పదకొండు తుమ్ములు తుమ్మారు. అంకమ్మ పరుగున పోయి ఆయనకి మజ్జిగ తెచ్చిచ్చింది.

మూడో బంతి పెట్టి ఇంజనీరు గారు చుట్టూ చూశారు. పక్కన బుల్లయ్య ఒట్టి కాళ్ళతో, తువ్వాలు చంకలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. ఆయన కోసమే మొక్కుతున్నాడు. ఇంజనీరు గారు కాసేపు అట్లాగే చూసి, దగ్గరకి వచ్చారు.

"ఆ తువ్వాలు ఒకసారి ఇటివ్వు బుల్లయ్యా."

ఇచ్చాడు. ఆయన బుల్లయ్యకి ఎదురుగా నిలబడి, చెప్పులు విడిచి, ఆ పాత తువ్వాలు కుడి చంకలో పెట్టుకున్నారు. అది పడలేదు. వెళ్ళి కర్ర ఎత్తారు. మోచెయ్యి మడిచి ఒంటికి అంటుకుంది, దిగింది, చాపుకుంది. బంతి లేచి కాలువ దాటి, ఆయన ఉద్యోగంలో ఉండగా దగ్గరుండి పాతించిన హద్దురాయికి తగిలి ఆగింది. శ్రీకృష్ణ గారు టోపీ తీసి, తనకి తెలియకుండానే చంకలో పెట్టుకున్నారు.

గడ్డి దున్నలేదు. ఇంజనీరు గారు మళ్ళీ ఇడ్లీ తింటున్నారు. వచ్చిన చిక్కల్లా బుల్లయ్యకే. మర్నాటి నుంచీ ఆయన రోజూ కర్ర పట్టేముందు బుల్లయ్య వైపు తిరిగి తువ్వాలు చంకలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆయన పెట్టుకుంటే ఈయన పెట్టుకోకుండా ఎట్టా ఉంటాడు? ఇద్దరూ ఎదురెదురుగా తలలు వంచి నిలబడిపోయేవాళ్ళు. ముందు ఎవరు కదలాలో తెలిసేది కాదు. ఇడ్లీలు చల్లారిపోయేవి. రోడ్డు మీద బాషా బస్సుని నిదానం చేసేవాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చేవి.

వారం ఓర్చుకుని, ఎనిమిదో రోజు బుల్లయ్య ఇంజనీరు గారి దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు.

"అయ్యా, నాకో మేలు చేసిపెట్టాలి. రేపట్నించీ ఆ తువ్వాలు కాస్త తూర్పుకి తిరిగి పెట్టుకోండి. సూర్యభగవానుడికైతే అలవాటే. నాకు కాదు."