చెప్పి కొట్టిన పెనాల్టీ

నిన్న ఎల్‌బీ నగర్‌లో ఒక పాప పెనాల్టీ కొట్టబోతూ వణకడం చూశాను. తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడిన అరవై తొమ్మిదిలో, దిల్‌సుఖ్‌నగర్ బీళ్ళలో చెప్పులే గోల్‌గా పెట్టుకుని మనం ఆడిన ఆటలు గుర్తున్నాయా, తమ్ముడూ?

ఒకరోజు పెనాల్టీ నాది. గోల్ ముందు నిలబడ్డ యాదగిరి, "ఆంధ్రా పిల్ల ఏం కొడ్తది? మీ ఊరికి పో!" అన్నాడు. నేను బంతిని వదిలి అతని మొహమే చూస్తున్నాను.

మా జట్టులోని మేరీ దగ్గరికొచ్చింది. "వాని మొకం చూడకు. జర ఊపిరి తీస్కో. మూల చూస్కొని కొట్టు" అంది.

అలాగే కొట్టాను. గోల్!

"నేను తయారుగ లేను, మళ్ల కొట్టు" అన్నాడు యాదగిరి. మేరీ కొట్లాటకు దిగింది. నేను మాత్రం బంతి తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టాను.

"నీ ఎడమ పక్కనుంచే కొడతాను, ఆపుకో" అన్నాను.

చెప్పిన చోటికే కొట్టాను. ఆపలేకపోయాడు.